ఆంబోతు పాటలో తొమ్మిదో ఇల్లు

మార్సలి పొద్దున్నే లేచి కెటిల్ పొయ్యి మీద పెడుతుంది గానీ, నీళ్ళు మరిగేదాకా కూర్చోదు. కూర్చోవడం ఆమెకు చేతకాదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఆంబోతు పాట అందుకుంటుంది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఎనిమిదో ఇల్లు కాగానే నోరు మూసుకుంటుంది. వేలితో కిటికీ చెక్క మీద నాలుగు పాదాల పాటు తాళం మాత్రం వేస్తుంది. పదో ఇంటి దగ్గర మళ్ళీ గొంతు విప్పుతుంది. పదిహేడో ఇల్లు దాటి ఆంబోతు సముద్రంలోకి దిగేసరికి కెటిల్ కూస్తుంది.

ఆ తొమ్మిదో ఇల్లు ఆమెదే.

మా దీవి ఊరు ఆర్డ్‌వెక్‌లో ఇళ్ళన్నీ ఒకే దారి వెంట ఉంటాయి. ఇంటికో నంబరు, ఇంటి వెనక కాస్త పొలం, ఆ వెనక సముద్రం. నూరేళ్ళకు పైమాటే, ఊరుమ్మడి ఆవుల కోసం సర్కారువాళ్ళు ఓడలో ఒక ఆంబోతును పంపారు. రేవులో దిగిన రోజే అది తాడు తెంపుకుంది. దారి పట్టుకుని ఒక్కో ఇంట్లో తల పెట్టింది. గోడలు కట్టే ఇవన్ దాని మీద పాట కట్టాడు. ఆంబోతు ఏ గుమ్మంలోంచి తొంగి చూస్తే ఆ ఇంటి గుట్టు ఒక చరణమైంది. ఒక ఇంట్లో పక్కింటి గొర్రెపిల్ల కుండలో ఉడుకుతోంది. ఒక ఇంట్లో మంచం పట్టిందన్న అత్తగారు ఒంటరిగా నాట్యం చేస్తోంది. అలా పదిహేడు.

ఆ పాట పాడటానికి ఒక మర్యాద ఉంది. ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పింది కాదు. పాడబోయే మనిషి ముందు గదంతా ఒకసారి చూస్తాడు. ఎవరెవరు కూర్చున్నారో చూసుకుని, వాళ్ళ ఇళ్ళ చరణాలు వదిలేసి పాడతాడు. ఆరో ఇంటి ముసలావిడ పొయ్యి పక్కన గుర్రు పెడుతున్నా సరే, ఆరో చరణం రాదు. మధ్యలో ఎవరైనా తలుపు తోసుకుని వస్తే ఆంబోతు ఆ ఇంటిని దాటేసి పక్కింటికి పోతుంది. కోడలిగా వచ్చిన పిల్లకు అత్తారింటి చరణం తెలిసే ఉంటుంది, పెళ్ళయ్యాక మాత్రం అది ఆమె నోట రాదు. అందుకని మా ఊళ్ళో ఎవరి చరణం వాళ్ళకు తప్ప ఊరందరికీ తెలుసు.

మార్సలి యాభై ఏళ్ళ కిందట సరుకుల వ్యాను నడిపేది. రొట్టెలు, టీ పొడి, పొగాకు, కిరసనాయిలు. ఇంటింటి ముందూ ఆగి హారన్ కొట్టేది. వాళ్ళ నానమ్మ పోయినప్పుడు ఆవిడతో పాటు ఎన్ని పాటలు పోయాయో లెక్క తెలియక ఆ పిల్ల కొన్నాళ్ళు నిద్ర పోలేదు. తర్వాత పంచదార సంచుల మీద పెన్సిలుతో పాటలు రాసుకోవడం మొదలుపెట్టింది. బళ్ళో మాకెవరికీ మా దీవి భాష గేలిక్ రాయడం నేర్పలేదు, మాట్లాడితేనే దెబ్బలు పడేవి. చర్చి ఫాదర్ గారు ఇచ్చిన పాత గేలిక్ కీర్తనల పుస్తకం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం తనే నేర్చుకుంది.

పాడేవాళ్ళను మధ్యలో ఆపితే మాట అందదు, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. అందుకని ప్రతి పాదంలో మొదటి మాట ఒక్కటే రాసుకుని, వ్యాను మలుపు తిప్పి ఆపి, మిగతాది గుర్తుండగానే పూర్తి చేసేది. ఆ పని మీద ఉండి ఎన్నోసార్లు రొట్టెల తలుపు వెయ్యడం మరిచిపోయింది. గాలికి ఎగిరిపోయిన రొట్టెల్ని మా గొర్రెలు తిన్నాయి. రాత్రి ఇంటికొచ్చి సంచుల మీది గీతల్ని పెద్ద అట్ట పుస్తకంలోకి శుభ్రంగా ఎత్తి రాసేది.

ఆంబోతు పాటను ఆమె అలా ఇంటింటా పోగు చేసింది. మొదటి ఇల్లు మొదటి చరణం ఇవ్వదు, అది రెండో ఇల్లు ఇస్తుంది. రెండోది మూడో ఇల్లు. అన్నీ దొరికాయి, తొమ్మిదోది తప్ప. ఏ ఇంట్లో పాడినా ఎదురుగా నిలబడి ఉన్నది తొమ్మిదో ఇంటి పిల్లే మరి.

"తొమ్మిదో ఇంటి దగ్గర ఏం జరిగింది పెద్దమ్మా?" అని పన్నెండో ఇంటావిడను అడిగింది.

"ఏం జరుగుతుంది? ఆ రోజు మీ గేటు వేసుంది తల్లీ."

"తాడు తెంపుకున్న ఆంబోతుకి గేటొక లెక్కా?"

"అయితే దానికే మొహమాటం వేసుంటుంది. ఆ పొగాకు ఇటివ్వు, మా ఆయన లోపల ప్రాణం తీస్తున్నాడు."

అందరూ అలాగే దాటేసేవాళ్ళు, కాకపోతే మర్చిపోయామనేవాళ్ళు. అది దాచడమో మరపో మార్సలికి తెలిసేది కాదు. పుస్తకంలో ఆ చోట నాలుగు గీతలు ఖాళీగా వదిలింది. పగలు వ్యాను నడుపుతున్నా ఆ నాలుగు గీతలే కళ్ళ ముందు ఉండేవి. స్టీరింగు మీద తాళం వేస్తూ, తనింటి గుమ్మంలోంచి ఆంబోతు ఏం చూసి ఉంటుందా అని ఆలోచిస్తూ, ఆగాల్సిన ఇళ్ళు దాటి వెళ్ళిపోయేది.

ఆ ఆగస్టులో హాలు పైకప్పు కోసం పాటల సభ పెట్టారు. తను పోగుచేసిందంతా ఊరు వినాలని మార్సలికి ఆశ. కానీ ఎన్నడూ జనం ముందు నిలబడిన పిల్ల కాదు. చరణాలు ఎత్తి రాసుకున్న కాగితాన్ని రెండు చేతులతో ముఖానికి దగ్గరగా పట్టుకుంది. గొంతు బాగుంది. మొదటి ఇల్లు పాడింది, రెండు, మూడు. హాల్లో ఏదో కదలిక. ఆమె చూపు ఎత్తలేదు. ఎత్తితే రెండో వరసలో నాలుగో ఇంటి నీల్, పక్కనే ఆయన కూతురు షోనాక్ కనిపించేవాళ్ళు.

నాలుగో ఇంట పతకం మేకుకు వేలాడుతోంది, పతకం గెలిచిన వీరుడు పిండిపెట్టెలో ఉన్నాడు, మూత మీద ఆంబోతు ఊపిరి తగిలితే, ఇంట్లో ఎవరూ లేరంది పిండిపెట్టె. అదీ ఆ చరణం.

ఆ వీరుడు నీల్ వాళ్ళ నాన్న. దక్షిణాఫ్రికా యుద్ధంలో తెచ్చుకున్న పతకాన్ని ఆదివారం ఆదివారం కోటుకు పెట్టుకుని చర్చికి వచ్చేవాడు. నీల్ ఆ చరణం అంతకు ముందు ఎన్నడూ వినలేదు. లేచి, టోపీ పెట్టుకుని, వరస చివరిదాకా అందరి మోకాళ్ళూ తప్పించుకుంటూ బయటికి నడిచాడు. మార్సలి ఐదో ఇల్లు పాడుతూనే ఉంది. చివరి దాకా పాడి కాగితం దించితే, చప్పట్లు కొట్టింది సముద్రం అవతలి గట్టు నుంచి సెలవులకు వచ్చిన నలుగురే.

షోనాక్ సభ అయ్యేదాకా కూర్చుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు.

"బాగా పాడావ్ మార్సలీ. ఒక్క తప్పు కూడా లేదు."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదని మార్సలి చాలాసార్లు అంది. రొట్టెలు కొనేవాళ్ళు, వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. హారన్ వినపడగానే ఇంట్లో కూనిరాగం ఆగిపోయేది. పన్నెండో ఇంటావిడ అయితే అడగకముందే చెప్పేసింది: "ఇవాళ నా గొంతు బాలేదమ్మాయ్. రేపూ బాగుండదులే." మార్సలి నీల్ ఇంటికి రెండుసార్లు వెళ్ళి తలుపు కొట్టింది. ఎవరూ తీయలేదు. సముద్రపు ఒడ్డున అటూ ఇటూ నడిచేది. ఇంట్లో ఉంటే ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది. అట్ట పుస్తకం తెరిచి, నాలుగు గీతల ఖాళీ చూసి, మూసేసేది.

ఆ చలికాలం ఊరంతా ఒడ్డు లాక్లన్ అని పిలిచే ముసలాయనకు ఊపిరి అందడం కష్టమైంది. దారి చివర, సముద్రానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇల్లు ఆయనది. పాట కట్టిన ఇవన్ నోటి నుంచి నేరుగా నేర్చుకున్నవాళ్ళలో మిగిలిన మనిషి ఆయనొక్కడే. శుక్రవారం విమానంలో గ్లాస్గో ఆస్పత్రికి తీసుకెళ్తారని నర్సమ్మ చెప్పింది. ఆ వయసులో అలా వెళ్ళినవాళ్ళు నడిచి తిరిగి రాలేదని అందరికీ తెలుసు. బుధవారం మధ్యాహ్నం మార్సలి వ్యాను ఆయన గుమ్మం ముందు ఆపింది.

"తాతా, తొమ్మిదో ఇల్లు నీకొచ్చా?"

"రాకేం."

"మిగతావాళ్ళు నిజంగానే మర్చిపోయారా? నాకు అబద్ధం చెప్తున్నారా?"

"పాపం, మర్చిపోయారే." లాక్లన్ దుప్పటి పైకి లాక్కున్నాడు. "మీ నాన్న అకార్డియన్ వాయించేవాడు కదా. ఈ ఊళ్ళో ఏ పెళ్ళయినా, ఏ పాటల కూటమైనా ఆయన లేకుండా జరిగిందా? ఆయన గదిలో ఉంటే తొమ్మిదో ఇల్లు ఎవడు పాడతాడు? నలభై ఏళ్ళు పాడకపోతే ఇంకేం మిగుల్తుంది?"

"నీకు మిగిలింది."

"నేను ఆవుల దగ్గర పాడుకునేవాణ్ణి. వాటికి మీ ఇంటితో చుట్టరికం లేదు."

"నాకు పాడు తాతా. నేనేమీ అనుకోను."

"నువ్వనుకోవు. పాడాల్సింది నేను కదా."

"అయితే పాడొద్దు, మాటలు చెప్పు చాలు."

"రాగం లేకుండా మాట రాదే నాకు."

"నేను బయట నిలబడతా."

"గుమ్మం బయట నువ్వున్నావని నా వీపుకి తెలుస్తుంది."

"టేపు రికార్డరు పెట్టి వెళ్ళిపోతా."

"ఆ పెట్టె తీసుకెళ్ళి ఎవరు వింటారు? నువ్వేగా." ఆయన దగ్గి, తేరుకుని, సగం నవ్వాడు. "ఎవరినైనా పంపు, పాడతా. మీ ఇంటివాళ్ళు కాకుండా, గేలిక్ రాయడం వచ్చినవాళ్ళని. ఈ ఊళ్ళో ఇంకెవరున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

షోనాక్ బళ్ళో టీచరు. అవతలి గట్టున చదువుకుని గేలిక్ రాయడం నేర్చుకుని వచ్చింది. గురువారం భోజనాల వేళ మార్సలి బడికి వెళ్ళింది. పిల్లలు బయట గాలిలో అరుస్తున్నారు. షోనాక్ బల్లలు తుడుస్తోంది, తల ఎత్తలేదు.

"ఏం కావాలి? ఇవాళ రొట్టెల రోజు కాదే."

"నీతో పనుంది షోనాక్."

"నాలుగో ఇంట్లో ఎవరూ లేరు. పిండిపెట్టెని అడుగు."

మార్సలి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తూ, కుర్చీల మధ్య తిరుగుతూ లాక్లన్ సంగతి చెప్పింది. షోనాక్ గుడ్డ పిండింది.

"మా నాన్న కుర్చీ తిప్పేసుకున్నాడు తెలుసా? పతకం ఉన్న గోడ కనపడకుండా. పొయ్యికి వీపు పెట్టి చలికి వణుకుతూ కూర్చుంటాడు."

"తెలీదు."

"ఎలా తెలుస్తుంది? నువ్వు మమ్మల్ని చూడలేదుగా."

"కాగితం చూస్తున్నాను షోనాక్. భయమేసి."

"అదే చెప్తున్నా." షోనాక్ అప్పుడు తల ఎత్తింది. "ఇంతకీ నువ్వొచ్చింది క్షమించమని అడగడానికా, చరణం కోసమా?"

"రెండిటికీ."

"ఏది ముందు?"

మార్సలి కిటికీలోంచి బయటికి చూసింది. "రేపు ఆయన్ని తీసుకెళ్ళిపోతారు. చరణమే ముందు."

"కనీసం అబద్ధమాడలేదు." షోనాక్ గుడ్డ బల్ల మీద పడేసింది. "రాస్తా. నీకు మాత్రం ఇవ్వను."

"మరి?"

"నా దగ్గరుంటుంది. నీ పుస్తకం ఎప్పుడైనా పెద్ద లైబ్రరీకి ఇచ్చే రోజు వస్తే, ఆ ఖాళీలో నేనే నా చేత్తో రాస్తా. అప్పుడు నువ్వు అక్కడ ఉండకూడదు."

"ఆ తర్వాత నేను చదివితే?"

"నీ పుస్తకం, నీ ఇష్టం. చదివితే మాకో మాట చెప్పు. ఆ రోజు నుంచి నీ మొహం మీదే పాడతాం."

పిల్లల్ని వంటమ్మకు అప్పజెప్పి షోనాక్ వ్యానెక్కింది. లాక్లన్ ఇంటి ముందు షోనాక్ దిగి లోపలికి వెళ్ళింది. మార్సలి స్టీరింగు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి లోపల్నుంచి ముసలి గొంతు సన్నగా లేచింది, మొదటి ఇల్లు, రెండోది. రాగం పట్టుకోవాలంటే మొదటి నుంచి రావాల్సిందే కదా. మార్సలి వేళ్ళు వాటంతటవే తాళం వేశాయి. నాలుగో ఇల్లు లేదు. లోపల షోనాక్ ఉంది. ఏడో ఇల్లు, ఎనిమిది. అక్కడ గొంతు ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. "ఇంకా ఇక్కడేనా? కిటికీలోంచి వ్యాను కనిపిస్తోందట. నువ్వు గదిలో ఉన్నట్టే అంటున్నాడు. పో, దూరంగా పో!"

"ఎంత దూరం?"

"పాట వినపడనంత! నన్నడుగుతావేం, రోజూ పాటల కోసం చెవులు రిక్కించే మనిషివి నువ్వు."

మార్సలి వ్యాను తిప్పుకుని కొండ వంపు దాకా పోయింది. ఇంజను ఆపలేదు. గాలి అటు నుంచే వీస్తోందని తెలిసి ఆపలేకపోయింది. కిందికి దిగి వ్యాను చుట్టూ తిరిగింది, రొట్టెల తలుపు తెరిచి మూసింది, మళ్ళీ తెరిచింది. ఎన్నేళ్ళుగానో వెతుకుతున్న నాలుగు పాదాలు ఆ వంపు అవతల ఎవరి చెవినో పడుతున్నాయి. నాలుగడుగులు పరిగెత్తితే వినపడతాయి. ఒకసారి రెండడుగులు వేసింది కూడా. మళ్ళీ వెనక్కొచ్చి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, ఇంజను అదురు చేతుల్లోకి పాకుతుంటే అలాగే నిలబడింది.

షోనాక్ దారి వెంట నడిచి వచ్చింది. చేతులు జేబుల్లో ఉన్నాయి.

"రాశావా?"

"రాశాను."

"మొత్తం?"

"మొత్తం."

"నవ్వొచ్చిందా?"

"వచ్చింది." షోనాక్ వ్యానెక్కి తలుపు వేసుకుంది. "తర్వాత ఆగిపోయింది."

"మా నానమ్మ గురించా? తాత గురించా?"

"బండి తియ్యి మార్సలీ. ఈపాటికి పిల్లలు బడి పీకి పందిరేసుంటారు."

లాక్లన్ క్రిస్మస్ ముందు గ్లాస్గోలోనే పోయాడు. శవపేటికను ఓడలో తెచ్చి, దీవి మట్టిలోనే పూడ్చారు.

ఎండలు వచ్చాక ఒక రోజు వ్యాను దగ్గరికి నీల్ వచ్చాడు. సభ తర్వాత అదే మొదలు. టీ పొడి అడిగాడు. తీసుకుని కదల్లేదు.

"పిండిపెట్టె కాదు," అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"మా నాన్న దాక్కుంది పిండిపెట్టెలో కాదు, మంచం కింద. ఆయన ఆరడుగుల మనిషి, పిండిపెట్టెలో ఎలా పడతాడు? ఇవన్‌కి కళ్ళున్నాయో లేవో. మా అమ్మ చెప్పింది నాకు. ఏ యుద్ధంలోనూ అంత పెద్ద కొమ్ములు చూడలేదన్నాడట."

"పాట మార్చమంటారా?"

"పాటెందుకు మారుస్తావ్? పక్కన రాసుకో." ఆమె పంచదార సంచి అందుకుని రాస్తుంటే ఆయన చూస్తూ నిలబడ్డాడు. "రాశావా? మంచం కింద. సరే."

ఆ మాట అట్ట పుస్తకంలో నాలుగో చరణం పక్కన ఉంది. అప్పటి నుంచి హారన్ వినపడితే కూనిరాగాలు ఆగడం తగ్గింది. మార్సలి కూడా వెళ్ళిన ప్రతి గదిలోనూ ముందు మనుషుల్ని చూసి, తర్వాతే పెన్సిలు తీసేది.

పుస్తకాలు నాలుగయ్యాక వాటిని ఎడిన్‌బరోలో పెద్ద లైబ్రరీకి ఇవ్వాలనుకుంది. తన కోసం ఒక నకలు రాసుకుంది, అందులో నాలుగు గీతలు ఖాళీగానే ఉన్నాయి. షోనాక్ సొంత కలం తెచ్చుకుని, మార్సలిని కోళ్ళ గూడు దగ్గరికి పంపేసి, వంటింట్లో కూర్చుని రాసింది. పుస్తకాలకు కాగితం చుట్టి దారంతో కట్టి చేతికిచ్చింది. ఓడలో ఆ కట్టను గుండెకు ఆనించి పట్టుకున్న మార్సలి ఒక్క గంట కూడా కూర్చోలేదు. డెక్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగింది. దారం ముడి మీద బొటనవేలు తిరుగుతూనే ఉంది. లైబ్రరీలో కట్టను బల్ల మీద పెట్టి, విప్పేలోగా బయటికి వచ్చేసింది.

దాన్ని చూడాలంటే చూడొచ్చు. అడిగితే ఎవరికైనా తీసిస్తారు. ఎడిన్‌బరో వెళ్ళిన ప్రతిసారీ ఆ మెట్ల దాకా వెళ్తుంది. ఒకసారి లోపలికి వెళ్ళి పేరు కూడా రాసింది. పుస్తకం తెచ్చేదాకా కూర్చోమన్నారట. కూర్చోలేక వచ్చేసింది.

మార్సలికి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. సరుకుల వ్యాను ఎప్పుడో ఆగిపోయింది. గురువారం సాయంత్రాలు హాల్లో పాటలుంటాయి. షోనాక్ నేర్పిన పిల్లలు ఆంబోతు పాట మొత్తం, పదిహేడు చరణాలూ పాడతారు. ఎవరి ఇంటి చరణం వస్తే వాళ్ళు లేచి బయటికి వెళ్ళి, అది అయ్యాక వస్తారు. పాట అయ్యేదాకా తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, హాలంతా చలి. షోనాక్ ఒక్కతే కదలదు, తనది ఎప్పుడో వినేసింది. ఎనిమిదో ఇల్లు కాగానే మార్సలి కోటు వేసుకుని బయటికి వెళ్తుంది. పదో ఇంటికి లోపలికి వస్తుంది.